గుడియాత్తం అగ్గిపెట్టెయు విమానాశ్రయపు గుమ్మమును

ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి నోటబెట్టుకొనుటకు ముందు దేవునియెదుట దీపము వెలిగించుట మన ఇండ్లలో ఆచారము. దానికి కావలసిన సామగ్రి ఎంత! ప్రమిదలో ఇంత నూనె, ఒక వత్తి, ఒక అగ్గిపుల్ల. హారతికి చిటికెడు కర్పూరము. కొట్టుటకు ఒక కొబ్బరికాయ. ఇంతకంటె సాధువైన వస్తువులు లోకమున ఏమి యుండును? కాని ఈ పూజాపళ్లెమును ఉన్నదున్నట్లుగా సంచిలో పెట్టుకొని విమానమెక్కబోయినచో, గుమ్మము దగ్గరనే ఒక్కొక్కటిగా తీసి ప్రక్కన పెట్టుదురు. ఈ సంగతి మాకు పుస్తకములవలన గాక మా ఇంటిలోనే తెలియవచ్చినది.

కొన్నేండ్ల క్రిందట మా ఇంటి ఆడపిల్ల కాపురమునకు విదేశము వెళ్లినది. మా అవ్వ గుడియాత్తములో పుట్టి పెరిగిన మనిషి. చిన్నతనమున ఇంటి అరుగుమీద కూర్చుండి అగ్గిపెట్టెలలో పుల్లలు నింపి నాలుగు డబ్బులు సంపాదించినది. మనుమరాలు క్రొత్త ఇంటిలో తొలిదీపము మన ఊరి నిప్పుతోనే పెట్టవలెనని, అగ్గిపెట్టెల కట్ట ఒకటి, కర్పూరపు పొట్లము ఒకటి, కొబ్బరికాయ ఒకటి, ఆవకాయ సీసా ఒకటి చేతిసంచిలో సర్దినది. తనిఖీ దగ్గర అవన్నియు తీసివేసినారు. పిల్ల లోపలనుండి ఫోనుచేసి ఏడ్చినది. అవ్వ మాత్రము ఏడువలేదు. మాతో ఒక్క మాట అన్నది: "పదేండ్ల పిల్లప్పుడు నా చేత్తో నింపినట్టి పెట్టెలే గదప్పా అవి! వాటిలో ఏమి దొంగసొత్తు వుందని తీసుకొన్నారంట? నిప్పు పెట్టేవాళ్లలాగా కనబడినామా?"

ఆ ప్రశ్నకు ఆనాడు మేము బదులు చెప్పలేకపోయినాము. తరువాత వెదకి చూడగా, ఆ నిషిద్ధ వస్తువుల పట్టిక ఎవరో ఒక గదిలో కూర్చుండి ఊహించి వ్రాసినది కాదనియు, దానిలోని ప్రతి పంక్తి వెనుక ఒక దినము, ఒక ప్రమాదము, కొందరి ప్రాణములు ఉన్నవనియు తెలిసినది. ఇప్పుడు వచ్చుచున్న సంవత్సరము పేరు పరాభవ. పరాభవమనగా అవమానము. అవ్వకు జరిగినది పరాభవమా, కాదా అని విచారించుటకు ఇది తగిన సమయమని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా మా ఊళ్ల సంగతి. పూర్వము ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. 1911లో చిత్తూరు వేరు జిల్లా అయినది. వేలూరు, గుడియాత్తములు ఉత్తర ఆర్కాడులో నిలిచినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు చిత్తూరు అటు పోయినది, మేము ఇటు మిగిలినాము. మాలో కొందరు కొండ దిగి వలస వచ్చినవారు. కొందరు కదలకయే, హద్దు కదలినందువలన, ప్రవాసులైనవారు. నేడు మా పిల్లలు మరి దూరముగా, సముద్రములు దాటి పోవుచున్నారు. కనుక విమానాశ్రయపు గుమ్మము ఇప్పుడు మన కుటుంబములన్నిటికి వాకిలి వంటిది.

గుడియాత్తమునకు రెండు విషయములలో పేరు: ఒకటి మగ్గపు లుంగీ, రెండవది అగ్గిపెట్టె. తమిళనాడులో దక్షిణమున శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతములు అగ్గిపెట్టెలకు ప్రసిద్ధములు. ఉత్తరమున ఆ పేరు గుడియాత్తమునకే కలదు. అసలు అగ్గిపుల్ల మన దేశపు సృష్టి కాదు. 1826లో ఇంగ్లండులో జాన్ వాకర్ అను మందులవ్యాపారి రాపిడితో మండు పుల్లను కనిపెట్టినాడు. అటుపిమ్మట వచ్చిన పుల్లలకు తెల్ల భాస్వరము పూసెడివారు. అవి గోడకు గీసినను, చెప్పుకు గీసినను మండెడివి. జేబులో తమంతట తామే అంటుకొనెడివి. అంతకంటె ఘోరము, ఆ భాస్వరపు ఆవిరి పీల్చిన పనివారలకు దవడ యెముక కుళ్లిపోయెడిది. 1844లో స్వీడను దేశపు గుస్తాఫ్ ఎరిక్ పాష్ అను ఆచార్యుడు ఒక ఉపాయము చూపినాడు. 1855 ప్రాంతమున అదే దేశమునందలి లుండ్‌స్ట్రోమ్ సోదరులు దానిని వర్తకమునకు తెచ్చినారు. ఆ ఉపాయ మేమనగా, అపాయమును రెండుగా చీల్చుట. పుల్ల తలలో పొటాసియం క్లోరేటు, గంధకము మొదలైనవి. పెట్టె ప్రక్కన ఎర్ర భాస్వరము. రెండును విడివిడిగా నున్నంతవరకు శాంతము. కలిసి రాచుకొన్నప్పుడే నిప్పు. నేటి మన అగ్గిపెట్టె ఇదియే.

తెల్ల భాస్వరమును అగ్గిపుల్లలలో వాడరాదని దేశములు బెర్న్ నగరమున ఒడంబడిక చేసికొన్నది 1906లో. పంచాంగము లెక్కవేసి చూచినచో ఆ యేడును పరాభవయే! నూట ఇరువది యేండ్ల క్రిందటి పరాభవలో అగ్గిపుల్లపై లోకము విధించిన ఆ నిషేధము పనివారి ప్రాణములు కాపాడినది. నిషేధమనగా ఎప్పుడును అవమానమే కాదనుటకు ఇది మొదటి సాక్ష్యము.

మన దేశమునకు చాలకాలము అగ్గిపెట్టెలు స్వీడను, జపానులనుండి ఓడలలో వచ్చెడివి. 1922లో ప్రభుత్వము దిగుమతిపై పెద్ద సుంకము విధించగా, ఇక్కడనే తయారుచేయుట లాభసాటి అయినది. శివకాశికి చెందిన పి. అయ్య నాడారు, ఎ. షణ్ముగ నాడారు అను దాయాదులు ఆ యేటనే కలకత్తా వెళ్లి పని నేర్చుకొని వచ్చినారు. స్వీడను వారి విమ్కో సంస్థ 1923లో ఇక్కడ పుట్టినది. పెద్ద యంత్రములతో చేయువారొకవైపు, చేతులతో చేయువారొకవైపు, ఈ పోటీలో చేతిపని బ్రతికినది గుడియాత్తమువంటి ఊళ్లలోని ఆడవారి ఓర్పువలననే. పుల్లలను చట్రములకు గ్రుచ్చుట, మందులో ముంచుట, ఆరబెట్టుట, పెట్టెలలో నింపుట, చీటి అంటించుట, ఇంత పని చేసిన పెట్టె వెల 2007లో అర్ధరూపాయినుండి రూపాయి అయినది. మరల 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైనది. ఇంతలో చవుక లైటర్లు వచ్చి పెట్టె అమ్మకమును దెబ్బతీసినవి. ఇరువది రూపాయలలోపు వెలగల లైటర్ల దిగుమతిని 2023 జూనులో ప్రభుత్వము నిషేధించినది.

ఈ పరిశ్రమలో ఒక విచిత్రము కలదు. అగ్గిపెట్టెలు చేయుచోటనే నిప్పు నిషిద్ధము. మందు కలుపు కొట్టములోనికి బీడీ ముట్టించుకొని పోవువాడెవడును లేడు. అపాయ మెక్కడ నున్నదో ముందుగా తెలిసినవారు ఈ పనివారే. మా అవ్వ పదేండ్లప్పుడు చేసిన పనికూడ నేడు నిషిద్ధమే; 1986 నాటి బాలకార్మిక చట్టము అగ్గిపెట్టెల తయారీని పిల్లలు చేయరాని ప్రమాదకరమైన పనులలో చేర్చినది. ఆ నిషేధమును తప్పుపట్టువారు మనలో ఎవరు?

ప్రయాణికుని మూటలోని వస్తువులకు హద్దులు విమానముతో పుట్టినవి కావు. దక్షిణదేశమున మొదటి రైలు 1856 జూలై 1న రాయపురమునుండి మా పొరుగున నున్న వాలాజా రోడ్డు వరకు వచ్చినది. పిమ్మట 1890 నాటి రైల్వే చట్టములోనే ప్రమాదకరమైన సరకులను గూర్చి ఒక సెక్షను కలదు. 1989 చట్టమునందు అదే 67వ సెక్షను. చట్టవిరుద్ధముగా అట్టివి తెచ్చినవారికి 164వ సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదు, లేక వేయి రూపాయలవరకు జుల్మానా, లేక రెండును. కనుక రైలుబండి తాత, విమానము మనుమడు.

ఆకాశయానములో అగ్గిపెట్టెను తీసికొనుట మనకంటె ముందు జర్మనులు చేసినారు. హిండెన్‌బర్గ్ అను మహానౌక హైడ్రోజను వాయువుతో తేలెడిది. 1937 మేలో ఫ్రాంక్‌ఫర్టునుండి బయలుదేరునప్పుడు ప్రయాణికులందరివద్ద అగ్గిపెట్టెలు, లైటర్లు ముందుగా తీసి దాచినారు. చుట్ట కాల్చువారికి ప్రత్యేకముగా ఒక గది, దానిలో ఒకే విద్యుత్ లైటరు ఉండెడివి. అయినను మే 6న అమెరికాలో లేక్‌హర్స్ట్ దగ్గర దిగునప్పుడు ఆ నౌక మండిపోయినది. అందున్న 97 మందిలో 35 మందియు, నేలమీద ఒకడును మరణించినారు. ప్రయాణికుల అగ్గిపుల్ల లేకపోయినను నిప్పు మరియొక త్రోవన వచ్చినది. నియమము ఒక తలుపును మాత్రమే మూయగలదు. అన్ని తలుపులును మూయుట దానికి సాధ్యము కాదు.

విమానములో నిప్పు ఎంత శీఘ్రముగా చంపునో 1973 జూలై 11న మరల తెలిసినది. బ్రెజిలునుండి పారిసు వచ్చుచున్న వారిగ్ సంస్థ విమానపు వెనుక మరుగుదొడ్డిలో మంట లేచినది. చెత్తడబ్బాలో వేసిన సిగరెట్టే కారణమై యుండునని తలచినారు. విమానాశ్రయమునకు కొద్ది దూరమున పొలములో దించినను 123 మంది పొగకు బలియైనారు. మరుగుదొడ్డి చెత్తడబ్బాలో సిగరెట్టు వేయరాదని విమానములలో నేటికిని కనబడు హెచ్చరికలు ఈ ప్రమాదము తరువాత పెట్టించినవే.

ఇవి అజాగ్రత్త వలని అపాయములు. తరువాతివి మనుష్యుని దుర్బుద్ధి వలనివి. 1971 జనవరి 30న శ్రీనగరునుండి జమ్మూ పోవు 'గంగ' అను ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానమును ఇద్దరు యువకులు లాహోరునకు మళ్లించినారు. వారిచేతనున్నది నిజమైన తుపాకి కాదు, బొమ్మ తుపాకి. ప్రయాణికులు విడుదలైనారు గాని విమానమును తగులబెట్టినారు. పిల్లవాని బొమ్మ తుపాకిని చూచి తనిఖీవారు తల యూపుట నవ్వులాట కాదని దీనివలన తెలియును. అమెరికాలో 1973 జనవరి 5నుండి ప్రయాణికులందరిని తనిఖీ చేయుట ఆరంభమైనది. మన దేశములో పౌరవిమాన భద్రతా బ్యూరో 1978లో పుట్టినది. 1985 జూన్ 23న 'కనిష్క' విమానము అట్లాంటిక్ సముద్రముపై ప్రేలి 329 మంది పోయినారు. ప్రేలుడు మందు ఒక పెట్టెలో ఎక్కినది. ఆ పెట్టె యజమాని ఎక్కలేదు. ఆ ఘోరము తరువాత 1987 ఏప్రిల్ 1న బ్యూరో ప్రత్యేక శాఖగా నిలిచినది. 1999 డిసెంబరులో కాఠ్మాండునుండి వచ్చు విమానమును కాందహారునకు తరలించిన పిమ్మట, 2000 సంవత్సరమునుండి కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమువారు విమానాశ్రయముల కాపలాకు వచ్చినారు.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో నాలుగు విమానములను చేజిక్కించుకొన్నవారు వాడినవి చిన్న కత్తులు. నాటినుండి కూరగాయలు కోయు కత్తికికూడ గుమ్మము దాటు యోగ్యత పోయినది. అదే యేడు డిసెంబరు 22న పారిసునుండి మయామీ పోవు విమానములో ఒకడు తన బూటులో దాచిన ప్రేలుడు మందును వెలిగింపబోయినాడు. దేనితో? అగ్గిపుల్లతో! పుల్ల గీసిన వాసన పట్టి విమానమునందలి సేవకురాలు వానిని కనిపెట్టినది. ప్రయాణికులు పట్టి కట్టివేసినారు. 2006 ఆగస్టు 10న లండనులో బయటపడిన కుట్రలో పానీయపు సీసాలలో ప్రేలుడు ద్రవము నింపదలచినారు. మన ఆవకాయ నూనెకు, నేతి సీసాకు నూరు మిల్లీలీటర్ల హద్దు ఏర్పడినది ఆ కుట్ర ఫలితమే.

ఇప్పుడు అవ్వ సంచి దగ్గరకు వత్తము. గోడకు గీసినను మండు పుల్లలు విమానమున ఎవరికిని అనుమతి లేదు. మనవంటి సేఫ్టీ అగ్గిపెట్టె ఒక చిన్నది ప్రయాణికుడు జేబులో ఉంచుకొనవచ్చునని అంతర్జాతీయ నియమము; మన దేశపు విమానాశ్రయములలో అదియును చెల్లదు. అప్పగించు పెట్టెలో మాత్రము ఏ దేశమునను పెట్టరాదు. కారణము సులభము. మనుష్యులున్న చోట మంట లేచినచో ఎవరో ఒకరు చూచి ఆర్పుదురు. సామాను కొట్టులో లేచినచో చూచువారు లేరు. సెల్‌ఫోనులకు విద్యుత్తునిచ్చు పవర్ బ్యాంకులను అప్పగించు పెట్టెలో పెట్టరాదు, చేతిసంచిలోనే ఉంచవలె ననుటకును కారణ మిదియే. 2010 సెప్టెంబరు 3న దుబాయిలో ఒక సరకుల విమానము లిథియం బ్యాటరీల మంటవలన కూలి ఇద్దరు చోదకులు మరణించినారు.

కర్పూరము అంతర్జాతీయ పట్టికలో అగ్గిపుల్లల తరగతిలోనే, మండు ఘనపదార్థములలో, చేరియున్నది. ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కు వస్తువుల తరగతిలోనిది. దానిలోని నూనెయే అందుకు హేతువు. వంటింటి డబ్బాలో నిద్రించు వస్తువు పదిటన్నుల సామానుక్రింద ఎట్లుండునో వంటింటివారికి తెలియదు. తెలియకపోవుట తప్పును కాదు.

కాని తప్పు ఇంకొకవైపున ఉండవచ్చును. ఆ పాఠము నేర్పినది మా వేలూరు కోటయే. 1805 నవంబరులో మదరాసు సైన్యమునకు ఒక ఉత్తరువు వచ్చినది. కవాతులో నుదుట బొట్టు, నామము ఉండరాదు, చెవిపోగు లుండరాదు, గడ్డము గీయవలె, తోలు తురాయిగల క్రొత్త టోపీ పెట్టవలె. ఆ సైన్యమున తెలుగువారును ఉండిరి. ఉత్తరాదిని సిపాయిని 'తెలంగా' అనెడివారన్నచో మనవారి పరిచయ మెంతటిదో ఊహించుకొనవచ్చును. ఈ ఉత్తరువు దేనికని వారికి నచ్చజెప్పినవారు లేరు. ఒప్పుకొననివారికి కొరడాదెబ్బలు పడినవి. 1806 జూలై 10 తెల్లవారుజామున కోటలో సిపాయిలు తిరుగబడినారు. నూరుమందికి పైగా ఆంగ్ల సైనికులు చచ్చినారు. ఆర్కాటునుండి గిల్లెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి అణచినప్పుడు చచ్చిన సిపాయిలు అంతకు ఎన్నియో రెట్లు. పిమ్మట ఉత్తరువు రద్దయినది. సేనాధిపతి క్రాడక్‌ను, గవర్నరు బెంటింకును ఇంగ్లండునకు వెనుకకు పిలిపించినారు. టిప్పు సుల్తాను కుమారులు ఆ కోటలో బందీలుగా నుండుట మొదలైన కారణములును కలవు. అయినను, మనుష్యుని ఒంటిమీదను, నమ్మకముమీదను చేయి వేయు నియమమును కారణము చెప్పకుండ మోపుట ఎంత చేటో ఆ కోటగోడలు చెప్పుచున్నవి.

ఆ ఉత్తరువును, విమానాశ్రయపు పట్టికను ఒకే త్రాసులో వేయరాదు. ఒకటి దర్పము వలన పుట్టినది; రెండవది ప్రాణభయము వలన పుట్టినది. కాని సోదా చేయించుకొను మనిషికి రెండును ఒకే తీరుగా తోచును, కారణము చెప్పనంతవరకు. చెప్పి, వినినప్పుడు నియమము వంగుటకూడ నేర్చుకొనును. 2024లో శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను విమానములో తమవెంట తీసికొనిపోవుటకు, తనిఖీకి లోబడి, 2025 జనవరి 20వరకు బ్యూరో అనుమతించినది. అప్పటి విమానయాన మంత్రి మన శ్రీకాకుళమువారైన కింజరాపు రామ్మోహన్ నాయుడు. అమెరికావారు 2005 ఏప్రిల్‌లో నిషేధించిన మామూలు లైటర్లను 2007 ఆగస్టులో చేతిసంచిలో తిరిగి అనుమతించినారు. బూట్లు విప్పించు పద్ధతిని 2025 జూలైలో మానివేసినారు. పట్టిక శిలాశాసనము కాదు. అపాయమునుబట్టి పెరుగును, తరుగును.

కావున మా మనవి ఇది. పెట్టె సర్దుటకు ముందు ఆ యేటి పట్టికను ఇంటిలోని చదువుకొన్న పిల్లలు పెద్దవారికి తెలుగులో చదివి వినిపింపవలె. ఇది కూడదు అనుటతో ఆపక, ఎందుకు కూడదో చెప్పవలె. గుమ్మము దగ్గర సొమ్ము పోవుటకంటె మర్యాద పోయినదను బాధ పెద్దది. అది ఇంటిలోనే మాన్పవచ్చును. తనిఖీ చేయువారు మన మాటాడు భాషలో రెండు ముక్కలు కారణము చెప్పగలిగినచో వారి పనియు తేలికపడును.

మేము ఇదంతయు ఒకనాటి సాయంత్రము అవ్వకు వినిపించినాము. హిండెన్‌బర్గు కథ విని, "అంత పెద్ద పడవలోను అగ్గిపెట్టె తీసుకొనేసినారా!" అని ఆశ్చర్యపడినది. బూటులోని మందు కథ విని కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మందు కొట్టంలో మాకు గూడా ఇదే చెప్పేవాళ్లు. ఆ పిల్ల, ఆ తనిఖీ పిల్ల, ఆమాట నోరు తెరిచి చెప్పివుంటే నేను తప్పుగా అనుకొందునా?" అన్నది. ఇప్పుడు ఎవరు విదేశము పోవుచున్నను ఆమె సర్దునది గుడియాత్తం లుంగీ. దానికి ఏ గుమ్మమునను అడ్డు లేదు.

ఆ మరుసటి ఉగాదికి మనుమరాలు ఫోనుచేసి, అక్కడి అంగడిలో కొన్న అగ్గిపెట్టెతోనే దీపము పెట్టినాననియు, మన ఊరిది కాకపోయెనే అని దిగులుగా నున్నదనియు చెప్పినది. అవ్వ అన్న మాటనే మన సంఘ కుటుంబములకెల్ల ఈ పరాభవ సంవత్సరాది ఆశీస్సుగా అందించి ముగించుచున్నాము: "పెట్టె ఏ వూరిదైతే ఏమమ్మా? దీపం వెలిగింది గదా. చల్లగా వుండండి."